సముద్రం పక్క ఊరికి మారదామా? మా అయిదు మేకుల లెక్క

మా ఇంట్లో ఒక అగ్గిపెట్టెలో అయిదు ఇనుప మేకులున్నాయి. అన్నీ ఒకే కొట్లో, ఒకే పొట్లంలో కొన్న రెండంగుళాల మేకులు. సముద్రం పక్కన ఏదో ఒక ఊరికి మారిపోదామని ఏడాదిన్నర పాటు తిరిగినప్పుడు, ఆగిన ప్రతి ఊళ్లోనూ పది రోజులు అద్దెకుండి, కిటికీ గూట్లో ఒక మేకు వదిలేసేవాళ్లం. వచ్చేసేటప్పుడు దాన్ని కాగితంలో చుట్టి ఊరి పేరు రాసేవాళ్లం. భీమిలి మేకు మూడో రోజుకే ఎర్రబడింది. పదో రోజుకి పట్టుకుంటే వేలికి పొడి అంటింది. బందరు మేకు తల దగ్గర కాస్త రంగు మారింది, అంతే.

మేం నలుగురం. నేను పిల్లల పుస్తకాలకి నీటిరంగులతో బొమ్మలు వేస్తాను. మా ఆయన ఆడియో పుస్తకాలు రికార్డు చేస్తారు, చిన్న సినిమాలకి సౌండ్ పని చేస్తారు. పదకొండేళ్ల మా అమ్మాయి నాలుగేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. ఆరేళ్ల మావాడికి ప్రస్తుతానికి ఇసుక దొరికితే చాలు. మా ఇద్దరి పనీ ఇంటర్నెట్ మీద నడిచేదే కాబట్టి హైదరాబాద్‌లోనే ఉండి తీరాలన్న రూలేమీ లేదు. పక్క అపార్ట్‌మెంట్‌లో డ్రిల్లింగ్ ఎప్పుడాగుతుందా, రికార్డింగ్ ఎప్పుడు మొదలుపెడదామా అని కాచుకుని కూర్చునే బతుకు విసుగొచ్చి బయల్దేరాం.

మొదట్లో మేం చేసిన తప్పు బీచ్‌లని పోల్చుకోవడం. ఏ బీచ్ శుభ్రంగా ఉంది, ఎక్కడ ఇసుక తెల్లగా ఉంది, ఎక్కడ సూర్యోదయం బాగుంది, ఇదే గొడవ. రెండు ఊళ్లు తిరిగాక తెలిసొచ్చింది, సముద్రం అన్ని చోట్లా బాగానే ఉంటుందని. తేడా అంతా సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఊరివైపు చూస్తే కనిపిస్తుంది. మీ పని తెలిసినవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారా? బడి ఉందా? రైలు ఆగుతుందా? రాత్రి పిల్లాడికి జ్వరమొస్తే ఎటు పరిగెత్తాలి? ఈ ప్రశ్నలతోనే కింది ఊళ్లని పోలుస్తున్నాను. అద్దెల అంకెలు ఇవ్వడం లేదు, అవి నెలనెలా మారతాయి.

ముందు మీ పనిని ఉప్పుగాలిలో పెట్టి చూడండి

కళాకారులకి సముద్రం మంచిదంటారు. మనసుకి మంచిదేమో గానీ సామాన్లకి కాదు.

పుదుచ్చేరిలో దిగిన వారానికి కొత్త కాగితం తీసి ఒక బాతు బొమ్మ మొదలుపెట్టాను. ఆకాశం కోసం పల్చటి నీలం పూస్తే, రంగు సాఫీగా పాకకుండా ఎక్కడికక్కడ చుక్కలు చుక్కలుగా ఇంకిపోయింది. అద్దుడు కాగితం మీద సిరా పోసినట్టయింది. నీటిరంగుల కాగితానికి తయారీలోనే ఒక జిగురు పట్టిస్తారు, రంగు కాసేపు పైనే ఆగేది దానివల్లే. చెమ్మ తగులుతూ ఉంటే ఆ జిగురు చెడుతుంది. నా దగ్గరున్న కట్టలో సగం అలా పోయింది. ఇప్పుడు కాగితాలన్నీ బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, సిలికా జెల్ సంచుల మధ్య ఉంటున్నాయి.

మా ఆయన బాధ వేరు. భీమిలిలో బీచ్‌కి రెండు వీధుల అవతల ఇల్లు. తలుపులు, కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి రికార్డు చేసినా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే కింద ఎక్కడో బరువుగా ఒక హోరు. అలల శబ్దం గోడలు దాటి వస్తుంది. సన్నటి శబ్దాన్ని ఆపడం తేలిక, ఆ లావు శబ్దాన్ని ఆపాలంటే గది లోపల గది కట్టుకోవాలి. దీనికి తోడు కండెన్సర్ మైకులోకి చెమ్మ చేరి చిటపటలు. కెమెరా ఉన్నవాళ్లయితే లెన్స్ లోపల సాలెగూడులా పాకే ఫంగస్ గురించి ఇప్పుడే చదువుకోండి. వీణ ఉంటే తీగలు తరచూ మార్చుకోవాలి. మృదంగం చర్మం వదులై శ్రుతి నిలవదు. తైలవర్ణాలు ఆరడానికి రోజులు పడతాయి. కుండలు, మట్టిబొమ్మలు చేసేవాళ్లకి మాత్రం నెమ్మదిగా ఆరడం ఒక్కోసారి మేలే, పగుళ్లు తగ్గుతాయి.

దీనికి మందు దూరం. ఉప్పు తుంపర మొదటి ఒకటి రెండు కిలోమీటర్లలోనే చాలావరకు రాలిపోతుంది. చెమ్మ మాత్రం అంత తొందరగా వదలదు. సముద్రం కనిపించే ఇల్లు కావాలా, సముద్రానికి సైకిల్ మీద వెళ్లగలిగే ఇల్లు కావాలా అనేది ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోండి. మాకు తేల్చింది మేకులే.

భీమిలి

అందంలో భీమిలిని కొట్టే ఊరు మన తీరంలో లేదు, ఇది నా అభిప్రాయం, వాదనకి రాను. గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలిసే చోటు, కొండ, పాత లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు, విశాఖ దాకా తీరం వెంబడే సాగే రోడ్డు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. దారిలో ఎర్రమట్టి దిబ్బలు. స్కెచ్ పుస్తకం పట్టుకుని ఒక పొద్దుటి పూట అక్కడ కూర్చుంటే ఎరుపులో ఎన్ని రకాలుంటాయో లెక్కపెట్టలేక నేను సంచిలో పెన్సిళ్లు వెతుక్కుంటూ ఉండిపోయాను. తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలు కూడా ఈ దారిలోనే.

విశాఖ సుమారు 25 కిలోమీటర్లు. అంటే పెద్ద ఆసుపత్రులు, మంచి బడులు, కొరియర్, విమానం, అన్నీ ఉన్నట్టే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది. చిత్రకళా ప్రదర్శనలు, సంగీత కచేరీలు, నాటకాలు నగరంలో జరుగుతుంటాయి. విశాఖకి అవతలి వైపు, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని తరిణె మీద తిప్పి, లక్కకి చెట్ల రంగులు కలిపి పూసే బొమ్మలు అక్కడివే. వాటికి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానివేనన్న ముద్ర, వచ్చింది. ఆ బొమ్మల సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కానీ భీమిలిలో ఉండి ఏటికొప్పాకతో పనిచేయడం అంటే నగరాన్ని మొత్తం దాటి వెళ్లడం. మనసులో దగ్గరగా ఉన్నంత రోడ్డు మీద ఉండదు.

అద్దె ఇల్లు చూపించిన ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏటమ్మా, సముద్రం ఎదురుగానే కావాలేటి? నాలుగు నెలలుంటే మీకే తెలుస్తాది. మా కోడలు టీవీ రెండు మార్చింది," అంది. అద్దెకిచ్చే మనిషే ఈ మాట అంటే ఇంక వినకేం చేస్తాం!

భీమిలితో అసలు చిక్కు డబ్బు. విశాఖ ఇటువైపే పెరుగుతోంది, భోగాపురం విమానాశ్రయం మాట మొదలైన దగ్గర్నుంచి స్థలాల వాళ్ల కన్ను కూడా ఇటే ఉంది. శని ఆదివారాలు బీచ్ రోడ్డంతా కార్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటిందని కూడా మర్చిపోకండి. నగరం పనులు, నెలనెలా స్థిరమైన ఆదాయం ఉన్న కుటుంబానికి భీమిలి మంచిది. ఆదాయం ఒక నెల పొంగి మూడు నెలలు ఎండే మాలాంటి వాళ్లకి టెన్షన్.

కాకినాడ, ఉప్పాడ

ఇక్కడ రెండు ఊళ్లని విడదీసి చూడాలి. నివాసం కాకినాడలో, పని ఉప్పాడలో పెట్టుకుంటే కుదురుతుంది. తిరగేస్తే కుదరదు.

ఉప్పాడ దగ్గర సముద్రం భూమిని తినేస్తోంది. ఇది ఎక్కడో చదివిన మాటగా కాకుండా కళ్లతో చూడొచ్చు. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే తీరం రోడ్డు తుఫాను వచ్చినప్పుడల్లా దెబ్బతింటుంది. మేం వెళ్లిన రోజు వాయుగుండం కూడా లేదు, మామూలు పోటు. అయినా అల రాళ్ల మీద పడి లేచి, మా ఆటో మీద నుంచి దాటి రోడ్డుకి అటువైపు పడింది. మావాడు "ఇంకోసారి!" అన్నాడు. ఆటో అతను వెనక్కి తిరగకుండానే, "ఇక్కడ మా తాతగారి ఇల్లుండేదండీ," అని సముద్రం వైపు చెయ్యి చూపించాడు. ఆయన చూపించిన చోట నీళ్లే ఉన్నాయి.

చీరల మాటకొస్తే ఉప్పాడ జామ్‌దానీ గురించి మీకు చెప్పక్కర్లేదు. మగ్గం దగ్గర ఇద్దరు పక్కపక్కన కూర్చుని, బుటా ఎక్కడ రావాలో అక్కడ చేత్తో దారం ఇమిడ్చి నేస్తారు. పనితనాన్ని బట్టి ఒక చీరకి వారాలు పడుతుంది. టెక్స్‌టైల్ డిజైన్ చేసేవాళ్లకి ఇంతకంటే మంచి పొరుగు ఉండదు. ఒక్క మాట: డిజైన్ ఇచ్చి వెళ్లిపోయే నగరం మనుషుల్ని వాళ్లు చాలామందిని చూశారు. మొదటి ఆరు నెలలు వెళ్లి ఊరికే కూర్చోగలిగే ఓపిక ఉంటేనే ఇటు రండి.

కాకినాడ నిదానమైన ఊరు. తిన్నటి వీధులు, కాలేజీలు, రంగరాయ వైద్య కళాశాల ఉండటంతో డాక్టర్లు. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటం వల్ల ఇక్కడి సముద్రం పెద్దగా విరుచుకుపడదు. కోరింగ మడ అడవులు పక్కనే. సరస్వతీ గాన సభ లాంటి పాత సంస్థ నిలబెట్టిన సంగీతం అలవాటు ఊళ్లో ఉంది, కచేరీకి వచ్చి చివరిదాకా కూర్చునే శ్రోతలు ఉన్నారు. పాడేవాళ్లకి అది చిన్న విషయం కాదు. ప్రధాన రైలు మార్గం మీద లేకపోవడం ఒక్కటే లోటు, చాలా రైళ్లకి సామర్లకోట వెళ్లాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అన్ని తీర గ్రామాలకీ వర్తిస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. పిల్లల సెలవులు కదా అని అందరం ఇళ్లు వెతకడానికి మేలోనే వెళ్తాం. అప్పుడు రేవు పక్క ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో! జూన్ 15 నుంచి తెల్లవారుజామున నాలుక్కే ఇంజన్లు, వేలంపాటలు, ఐసు బండ్లు మొదలు. నిశ్శబ్దంతో పని ఉన్నవాళ్లు ఆ ఇల్లు జూలైలో మరోసారి చూడాలి.

బందరు, పెడన

అందరూ వద్దన్న ఊరు ఇది. "బందరులో ఏముంది? బీచ్ కూడా నల్లగా ఉంటుంది," అన్నారు. నిజమే. మంగినపూడి బీచ్ మట్టి నల్లగా ఉంటుంది, ఫొటోల్లో బాగా రాదు. కానీ చాలా దూరం దాకా లోతు తక్కువ. ఆరేళ్ల పిల్లాడి తల్లిగా నాకు ఆ నలుపు మీద ఏ ఫిర్యాదూ లేదు. (పోటు సమయం, వాతావరణ హెచ్చరిక చూసుకోకుండా మాత్రం ఎక్కడా దింపకండి, లోతు తక్కువైనా సముద్రం సముద్రమే.)

ఊరు తీరానికి పది కిలోమీటర్లకి పైగా లోపల ఉంది. అందుకే మా మేకు పెద్దగా తుప్పు పట్టలేదు. ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ వర్తకశాల పెట్టుకున్నది బట్టల కోసమే. ఆ బట్టల పని ఇప్పుడు పది కిలోమీటర్ల అవతల పెడనలో బతికి ఉంది.

పెడనలో ఒక అద్దకం షెడ్డులో రెండు రోజులు కూర్చున్నాను. పొడవాటి బల్ల, దాని మీద గోనె పరుపు, ఆ పైన కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ, పసుపు రంగు తిరిగి ఉంది. అద్దకం వేసే అతను టేకు అచ్చుని రంగు తట్టలో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ. మళ్లీ అద్దడం, ఆనించడం, దెబ్బ. అచ్చుకీ అచ్చుకీ మధ్య సందు వెంట్రుకంత కూడా తేడా రాదు. గీత గీసుకోలేదే అని అడిగితే, "గీసుకుంటే చెయ్యి ఆగిపోద్దండీ," అన్నాడు. ఆ నల్ల రంగు తుప్పు పట్టిన ఇనుముని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి చేసినది. ఎరుపు రావలసిన చోట పటిక పూస్తారు, అప్పటికి అక్కడ ఏ రంగూ కనిపించదు. తర్వాత పారే నీళ్లలో ఉతికి, రంగు కాగులో ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు లేస్తుంది. కాగులోంచి కర్రతో పైకి తీసిన గుడ్డ మీద, అంతకుముందు లేని పువ్వు కనిపించేసరికి మా అమ్మాయి నోరు తెరిచింది. నేనూ తెరిచాననుకోండి, కాకపోతే పెద్దదాన్ని కాబట్టి వెంటనే మూసేశాను.

మా అమ్మాయి సంగతి కూడా బందరు వైపే మొగ్గింది. కూచిపూడి గ్రామం ఇక్కణ్ణుంచి గంటలోపు ప్రయాణం, అక్కడ సిద్ధేంద్ర యోగి కళాపీఠం ఉంది. వారానికోసారి తీసుకెళ్లి తీసుకురావచ్చు. బొమ్మలు వేసేదాన్ని కాబట్టి నాకు ఇంకో ముచ్చట కూడా. ఈ ఊరి ఆంధ్ర జాతీయ కళాశాలలోనే ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రకళ నేర్పారు, అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకుని, తర్వాత అదే కళాశాలకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అలాంటి చరిత్ర ఇల్లు గడవడానికి పనికిరాదు, సాయంత్రం నడకకి మాత్రం బాగుంటుంది.

ఇక లోట్లు. బొమ్మలు చూసేవాళ్లు, కొనేవాళ్లు ఊళ్లో దాదాపు లేరు. ప్రదర్శన పెట్టాలన్నా, మంచి ఫ్రేము కట్టించాలన్నా 70 కిలోమీటర్ల అవతల విజయవాడ వెళ్లాలి. రైలు కూడా గుడివాడ మీదుగా విజయవాడ వెళ్లే కొమ్మ మార్గమే. వేసవిలో ఉక్కపోత నరకం. తాగునీటి విషయం ప్రతి వీధికీ వేరుగా ఉంటుంది, ఇంటి ఓనర్ని కాకుండా పక్కింటి వాళ్లని అడగండి. అన్నింటికంటే పెద్దది, ఈ నేల పల్లం. 1864 నవంబర్ 1 నాటి తుఫాను ఉప్పెనకి బందరులో, చుట్టుపక్కల సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబర్ 19న దివిసీమని ముంచిన ఉప్పెన జ్ఞాపకం ఇప్పటికీ ఇక్కడి ఇళ్లలో ఉంది. హెచ్చరికల వ్యవస్థ ఆ రోజుల్లోలా లేదు, తుఫాను వస్తోందని రోజుల ముందే తెలుస్తుంది. అయినా నేల ఎత్తు మాత్రం మారలేదు. ఓడరేవు కూడా కడుతున్నారు, దాంతో ఊరి నడక, అద్దెలు ఎటు పోతాయో చూసుకుంటూ ఉండాలి.

చీరాల

చీరాల గురించి తక్కువే చెబుతాను, మేం అక్కడ ఉన్న పది రోజుల్లో ఏడు రోజులు వాన. రైలు సౌకర్యంలో మాత్రం ఈ అయిదింట్లో దీన్ని మించింది లేదు. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే ప్రధాన మార్గం మీద ఉంది, రెండు నగరాల్లోనూ పని ఉన్నవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి! నేత ఊరు. కుప్పడం చీరలు ఇక్కడివి. వాన పడితే గుంట మగ్గాల్లోకి నీళ్లు వచ్చి పని ఆగిపోతుంది, ఆ ఏడు రోజులూ మేం చూసింది అదే. వాడరేవు బీచ్ దగ్గరే, వారాంతాల్లో హైదరాబాద్ రిసార్టు జనం. పెద్ద ఆసుపత్రి కావాలంటే గుంటూరో ఒంగోలో వెళ్లాలి.

ఊరు మారడం గురించి రాస్తూ చీరాల చరిత్ర చెప్పకపోతే తప్పు. 1921లో, స్వాతంత్ర్యోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద, మున్సిపల్ పన్నులు కట్టం పొమ్మని చీరాల పేరాల జనం వేల సంఖ్యలో ఇళ్లు వదిలేసి ఊరి బయట రామనగర్ అని గుడిసెలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. మేం ఒక ఫ్రిజ్, నాలుగు అట్టపెట్టెలు మార్చడానికి మూడు వారాలు ఆలోచించాం.

పుదుచ్చేరి, చెన్నై దాకా ఉన్న తీరం

కళాకారుల కుటుంబం అనగానే అందరూ చెప్పే పేరు పుదుచ్చేరి. గ్యాలరీలు, కేఫ్‌లు, వర్క్‌షాపులు, 1968లో మొదలైన ఆరోవిల్, రకరకాల దేశాల మనుషులు. పని చూపించుకోవడానికి, చూసి నేర్చుకోవడానికి ఈ తీరంలో దీనికి పోటీ లేదు. 1980ల్లో రేవు కట్టాక కొట్టుకుపోయిన ఇసుక కూడా ఈమధ్య కొంత వెనక్కి వచ్చి చేరింది. అయితే పాత ఫ్రెంచి వీధుల్లో అద్దెలు పర్యాటకుల జేబుని చూసి పెట్టినవి. ఆరోవిల్‌లో చేరడం అద్దె ఇల్లు తీసుకున్నట్టు ఉండదు, దానికి వేరే పద్ధతి, కాలం, ఓపిక కావాలి. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుఫాను దగ్గర్లోనే తీరం దాటి ఊరిని ముంచేసింది.

చెన్నై నుంచి కిందికి వచ్చే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మామల్లపురం ఉంది. రాతి శిల్పం నేర్చుకునేవాళ్లకి అక్కడ 1957 నుంచి ప్రభుత్వ కళాశాల ఉంది, పొద్దస్తమానం ఉలి చప్పుడే. నాట్యం, సంగీతం మీద నిలబడిన కుటుంబానికి తిరువాన్మియూర్‌లోని కళాక్షేత్ర దగ్గరుంటే అంతకంటే అదృష్టం లేదు, కాకపోతే అది నగరం అద్దెల లెక్కే.

ఆ రోడ్డు మీదే ఇంజంబాక్కంలో చోళమండలం ఉంది. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, మద్రాసు చిత్రకళా కళాశాలలో ఆయన శిష్యులు, మిత్రులు కలిసి 1966లో కట్టుకున్న చిత్రకారుల గ్రామం. వెళ్లినవాళ్లందరూ అక్కడి చెట్లు, శిల్పాలు చూసి వస్తారు. నాకు నచ్చింది డబ్బు కథ. బొమ్మలు అమ్ముడయ్యే కాలం కాదది. వాళ్లు బాతిక్ గుడ్డలు (మైనం పూసి రంగు వేసేవి), చేతిపని వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బుతో ఇసుకదిబ్బలు కొనుక్కున్నారు. సముద్రం పక్కన కళతో బతకాలనుకునేవాళ్లు ముందు చూసుకోవలసింది ఆ బాతిక్ గుడ్డ. మీ ఇంట్లో అది ఏమిటి? మా ఇంట్లో అది మా ఆయన చేసే ప్రకటనల వాయిస్ పని. అది నడిచేంత ఇంటర్నెట్ లేని ఊరు ఎంత అందంగా ఉన్నా కొట్టేశాం.

భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. తమిళనాడు బడుల్లో 2006 చట్టం ప్రకారం తమిళం నేర్చుకోవాలి. ఆరేళ్ల పిల్లాడు ఆర్నెల్లలో పట్టేస్తాడు, పదకొండేళ్ల పిల్లకి కష్టం. పైగా నేను బొమ్మలు వేసేది తెలుగు పిల్లల పుస్తకాలకి. వీధిలో తెలుగు వినపడకపోతే రెండేళ్లలో నా బొమ్మల్లోని పిల్లలు ఎవరి పిల్లల్లానో తయారవుతారని భయం వేసింది. ఇది మా భయం. మీరు రాతి శిల్పం చేసేవాళ్లయితే భాష అడ్డురాదు.

కొనేముందు, దిగేముందు

కొనడం గురించి ఒకటే మాట, మొదటి రెండేళ్లు వద్దు. తీరంలో పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలుంటాయి, ఆ పట్టీలో కొంత మేర కొత్త ఇల్లే కట్టకూడదు. "అన్నీ క్లియర్ అండీ" అనే బ్రోకర్ మాట మీద కాకుండా, సర్వే నంబరు తీసుకుని తీరప్రాంత పటంలో అది ఎక్కడ పడుతుందో చూపించమని అడగండి. ఈసీలో, అంటే స్థలం మీద అప్పులు, అమ్మకాలు చూపే రిజిస్ట్రేషన్ కాగితంలో, ఈ సంగతి ఉండదు. మాకు ఒకచోట సముద్రం ఎదురుగా చవగ్గా వస్తోందన్న స్థలం సంగతి అలాగే బయటపడింది.

అద్దెకైనా రెండుసార్లు చూడండి. ఒకసారి మే నెలాఖరులో, ఇంకోసారి అక్టోబర్ నవంబర్‌లలో. మధ్యలో వచ్చే డిసెంబర్ జనవరులు మోసం చేస్తాయి, అప్పుడు ఏ తీరమైనా స్వర్గమే. చూడ్డానికి వెళ్లినప్పుడు గోడల అందం వదిలేసి కిటికీ బందులు, గేటు మడత బందులు, మీటరు పెట్టె స్క్రూలు చూడండి. అల్మారా తలుపు తీసి లోపలికి ముక్కు పెట్టండి, బూజు వాసన అబద్ధం చెప్పదు. పని సామాను ఉండే గది పడమటి వైపు, అంటే సముద్రానికి వీపు వైపు ఉంటే మేలు. మన తీరంలో వేసవిలో అయిదున్నరకే ఎండ సముద్రం మీద నుంచి నేరుగా కళ్లలో కొడుతుంది, బొమ్మలు వేసేవాళ్లకి ఆ తూర్పు గది చూడ్డానికే గానీ పనికి కాదు.

బందరులో మాకు నచ్చిన మొదటి ఇంటి ఓనరు డెబ్బై దాటిన ముసలావిడ. అద్దె మాట్లాడుకునే ముందు, "మామ్మగారూ, తుఫాను వస్తే ఇక్కడిదాకా నీళ్లు వస్తాయా?" అని అడిగాను. ఆవిడ ఏమీ అనకుండా లేచి వరండా గోడ దగ్గరికెళ్లి, తన నడుము ఎత్తున గోడ మీద అరచెయ్యి ఆనించింది. సున్నం చాలాసార్లు వేసినట్టున్నారు, మరకేమీ లేదు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకోవడం విని, "పిల్లలతో మీకెందుకమ్మా ఇది? మా తమ్ముడి ఇల్లు చూడండి, అరుగు ఎత్తు, ఏడు మెట్లెక్కాలి. నాకు మోకాళ్లు పనిచేయక గానీ నేనే వెళ్లిపోయేదాన్ని," అంది. ఆ ఏడు మెట్ల ఇంట్లోనే ఉంటున్నాం ఇప్పుడు. ఫ్రిజ్ ఎక్కించిన కుర్రాళ్లు మూడో మెట్టు దగ్గర ఆగి మమ్మల్ని తిట్టుకున్నారు.